వీల్‌చైర్‌లో ఉన్న మిత్రుడికి బండి: డబ్బు ఎలా సమకూర్చాలి, ఏ బండి కొనాలి?

కాలువగట్టు | 4 జనవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గరి ఒక పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 2003లో పదో తరగతి పూర్తి చేసిన వాళ్ళం మేము. మా బ్యాచ్‌లో వాలీబాల్ బాగా ఆడిన మిత్రుడికి 2019లో రోడ్డు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్నది. మోచేతుల వరకు బలం ఉంది, వేళ్ళకు పట్టు లేదు, ఛాతీ నుంచి కిందికి కదలిక లేదు. ఇంటి వరండాలో పిల్లలకు లెక్కలు చెబుతుంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వీల్‌చైర్‌కే పరిమితమైన వాళ్ళకు ఇస్తున్న 15,000 రూపాయల పింఛను వస్తోంది.

గుంటూరులో వైద్యుడికి చూపించాలన్నా, కూతురి బడికి వెళ్ళాలన్నా కారు బాడుగకు మాట్లాడాలి. వాళ్ళ తమ్ముడు చంకల కింద చేతులు వేసి లేపితే, ఇంకొకరు మోకాళ్ళ కింద పట్టుకుని సీటులోకి చేర్చాలి. పోయిన నెల నేను ఊళ్ళో ఉన్నప్పుడు ఆ రెండో మనిషిని నేనే. సీటులో కూర్చోబెట్టాక అతని లుంగీ సరిచేసి తలుపు వేస్తుంటే, డ్రైవరు గడియారం చూసుకున్నాడు. మిత్రుడు ఆ సంగతి గమనించి తల అవతలికి తిప్పుకున్నాడు.

సంక్రాంతికి మా బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఊరికి వస్తున్నారు. తలా కొంత వేసుకుని వీల్‌చైర్‌తో సహా ఎక్కగలిగే బండి కొనిద్దామని అనుకున్నాము. మారుతి ఈకో కొని, వెనక తలుపు దగ్గర ర్యాంప్ పెట్టించాలన్నది మా ఆలోచన. ప్రభుత్వం నుంచి వచ్చే రాయితీలు, తక్కువ వడ్డీ అప్పులు, అనుభవం ఉన్నవారి సలహాలు తెలిసినవారు చెప్పగలరు.

పాత టైరు | 4 జనవరి, రాత్రి 10:15

మంచి ఆలోచన. భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే జీఎస్టీ 28 శాతానికి బదులు 18 శాతమే పడుతుంది. నా మిత్రుడొకరు నాలుగేళ్ళ కిందట అలాగే తీసుకున్నాడు. ముందు ఆ దరఖాస్తు పని మొదలుపెట్టండి.

పద్దుల పుస్తకం | 5 జనవరి, ఉదయం 7:05

పై సలహా ఒకప్పుడు సరైనదే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లన్నిటి మీదా, అంటే పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీకి, డీజిల్ ఇంజను 1500 సీసీకి లోపు ఉన్న వాటి మీద, అందరికీ జీఎస్టీ 18 శాతమే. ఈకో ఆ కొలతల్లోనే ఉంది. దివ్యాంగులకు ప్రత్యేకంగా ఇచ్చిన రేటు కూడా అదే 18 కాబట్టి, ఇప్పుడు ఆ ధ్రువపత్రం కోసం తిరగడం వల్ల చేతికొచ్చేది ఏమీ లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే పాత వ్యాసాలు చదివి నెలలు వృథా చేసుకోకండి.

ఇంకా మిగిలి ఉన్న ప్రయోజనాలు వేరు. బండి ఆర్సీలో దివ్యాంగుడి యాజమాన్యం అని నమోదు చేసే వీలు 2020 అక్టోబరులో ఫారం 20 (బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తు) సవరణతో వచ్చింది. షోరూములో కాగితాలు నింపే గుమస్తా తనంతట తాను అడగడు, మనమే చెప్పి రాయించాలి. దివ్యాంగుల కోసం మార్చిన బండికి జీవిత పన్ను మినహాయింపు ఉంది. ఇన్సూరెన్సులో సొంత నష్టం భాగానికి కట్టే ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంది. జాతీయ రహదారుల టోలు మినహాయింపు కూడా దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన, మార్చిన బండ్లకే వర్తిస్తుంది. వీటన్నిటికీ ఆర్సీలో ఆ మార్పు నమోదై ఉండటమే మూలం. వైకల్యం శాతం తెలిపే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) చేతిలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

గ్యారేజీ | 5 జనవరి, మధ్యాహ్నం 1:30

నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల బాడీ పని చేస్తాను. ఈకోకు రెండు ర్యాంపులు పెట్టాను కనుక ఉన్నమాట చెబుతాను. కాలువగట్టు గారూ, మీ మిత్రుడి ఎత్తు ఎంత? వాలీబాల్ ఆడినవాడన్నారు కాబట్టి అడుగుతున్నాను. ర్యాంప్ చేయడం పెద్ద పని కాదు. అసలు చిక్కు అతని తలకూ బండి కప్పుకూ మధ్య ఉండే జాగాతోనే వస్తుంది.

ఈకోలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, అది తిప్పేది వెనక చక్రాలను. అందుకని నేల కింద పొడవునా ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక డిఫరెన్షియల్, ఇరుసు ఉంటాయి. ముందు చక్రాలతో నడిచే బండికి వెనక నేల కోసి కిందికి దించినట్టు దీనికి దించడం కుదరదు. నేల ఎత్తు తగ్గదు, కప్పు పెరగదు. మధ్యలో కూర్చునే మనిషి పొట్టివాడైతే హాయిగా పడతాడు, పొడుగువాడైతే మెడ వంచుకుని కూర్చోవాలి. మెడలో దెబ్బ తగిలిన మనిషి అలా కూర్చోగలడా?

డబ్బు పోగేయకముందే ఒక టేపు తీసుకుని అతన్ని వీల్‌చైర్‌లో, అతను రోజూ వాడే దిండుతో సహా కూర్చోబెట్టి, నేల నుంచి నడినెత్తి దాకా కొలవండి. తర్వాత ఎవరి ఈకో అయినా అరువు తెచ్చుకుని వెనక తలుపు తెరిచి, నేల పలక నుంచి తలుపు పై అంచు దాకా ఒకసారి, లోపల కప్పు దాకా ఒకసారి కొలవండి. తలుపు దగ్గర ఎత్తు లోపలి కన్నా తక్కువగా ఉంటుంది. చాలామంది లోపల కొలిచి మోసపోతారు.

డల్లాస్ బాబాయి | 5 జనవరి, రాత్రి 11:50

మా దగ్గర మినీవ్యాన్‌ల నేలను కంపెనీలే కోసి దించి, పక్క తలుపు నుంచి ర్యాంప్ బయటికి వచ్చేలా అమ్ముతారు. వాటి ధర వింటే ఇక్కడివాళ్ళకే గుండె ఆగుతుంది, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వాటికి ఒక్క డాలరు కూడా ఇవ్వదు. ఇక్కడా చర్చిలోనో గుడిలోనో చందాలు పోగేసి కొనేవాళ్ళే ఎక్కువ. నేనూ తెనాలి వాడినే కాబట్టి నా వంతుగా వెయ్యి డాలర్లు పంపాలనుకుంటున్నాను. నాకు గ్రీన్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు భారత్‌దే. మిత్రుడి ఖాతాకు నేరుగా పంపవచ్చునా?

పద్దుల పుస్తకం | 6 జనవరి, ఉదయం 6:50

భారత పౌరుడు విదేశంలో సంపాదించి బ్యాంకు ద్వారా పంపిన సొంత డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. కాబట్టి విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టంతో మీకు ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ మూలం అవుతుంది. పుచ్చుకునేవాడు ప్రభుత్వోద్యోగి అయితే అప్పుడు చట్టం అడ్డు వస్తుంది. ఇక్కడ మిత్రుడు ఉద్యోగి కాడు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఆదాయపు పన్ను. స్నేహితులు చట్టం దృష్టిలో బంధువులు కారు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు మొత్తం కలిపి 50,000 రూపాయలు దాటితే, పైన ఉన్నది మాత్రమే కాకుండా మొత్తమంతా అతని ఆదాయం అవుతుంది. మీరు పద్నాలుగు మంది కలిసి 6 లక్షలు అతని ఖాతాలో వేస్తే, ఆ ఏడాది అతనికి 6 లక్షల ఆదాయం వచ్చినట్టు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను రిబేటు ఉంది కనుక పన్ను కట్టనక్కర్లేకపోవచ్చు, రిటర్ను మాత్రం దాఖలు చేయవలసి వస్తుంది.

డబ్బుగా కాకుండా కారునే కొని బహుమతిగా ఇస్తే సంగతి వేరు. బహుమతుల మీద ఈ పన్ను వేసే సెక్షన్‌లో ఆస్తి అంటే ఏమిటో జాబితా ఇచ్చారు. భూమి, షేర్లు, నగలు, బులియన్, కళాఖండాలు వంటివి అందులో ఉన్నాయి, కారు లేదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైన ధర్మసంస్థ ద్వారా వచ్చిన సాయానికి కూడా ఈ పన్ను వర్తించదు.

సచివాలయం మెట్లు | 6 జనవరి, రాత్రి 8:20

నేను గ్రామ సచివాలయంలో పనిచేసి మానేశాను. ఇంతమంది ఇన్ని విషయాలు రాశారు, పింఛను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

పింఛనుకూ రైస్ కార్డుకూ ఆరంచెల పరిశీలన అనేది ఒకటి ఉంది. అందులో పొలం, కరెంటు వాడకం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో ఇంటి స్థలం లాంటివాటితో పాటు నాలుగు చక్రాల బండి కూడా చూస్తారు. ఆ కుటుంబంలో ఎవరి పేరు మీదైనా కారు ఉంటే అనర్హులుగా తేలతారు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు మాత్రం మినహాయింపు. రవాణా శాఖ వివరాలు ఆధార్‌తో ముడిపడి ఉంటాయి కనుక మనిషి వచ్చి చూడనక్కర్లేదు, కంప్యూటరే పట్టేస్తుంది.

నెలకు 15,000 అంటే ఏడాదికి 1,80,000. మీరు పండగ పూట ప్రేమగా తాళాలు చేతిలో పెట్టి వెళ్ళాక, ఆ పింఛను ఆగితే మూడేళ్ళలో ఆ ఇంటికి పోయేది మీ బండి ధరకు దగ్గరగా ఉంటుంది. నోటిమాట నమ్మకుండా మీ సచివాలయంలో సంక్షేమ సహాయకుడికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, ఆ సమాధానం కూడా రాతలోనే తీసుకోండి.

కాలువగట్టు | 6 జనవరి, రాత్రి 9:05

చదివి నాకు చెమటలు పట్టాయి. ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. రేపే షోరూముకు వెళ్ళి అడ్వాన్సు కడదామని ఒకరు తయారై ఉన్నారు, ఇప్పుడే ఫోన్ చేసి ఆపాను.

మూడు చక్రాలు | 7 జనవరి, ఉదయం 10:10

నాకు పోలియో. 2008 నుంచి పక్క చక్రాలు బిగించిన స్కూటరు నడుపుతున్నాను. నాదొక ప్రశ్న. ఇన్ని సలహాలలో ఆ మిత్రుణ్ణి ఎవరైనా అడిగారా?

నాకు ఇంటర్ చదివేటప్పుడు మా వీధివాళ్ళు చందాలు వేసుకుని చేతితో తిప్పే మూడు చక్రాల బండి కొనిచ్చారు. పేపర్లో ఫోటో కూడా వేశారు. మా ఇల్లు కొండవాలులో ఉంటుంది. చేత్తో తిప్పుకుంటూ ఆ ఎత్తు ఎక్కడం నా వల్ల కాదని ఒక్కరూ అనుకోలేదు, నన్ను అడగనూ లేదు. అది ఆరేళ్ళు మా ఇంటి గోడకు ఆనుకుని తుప్పు పట్టింది. పారేస్తే ఇచ్చినవాళ్ళు బాధపడతారని మా అమ్మ దాని మీద ఒడియాలు ఆరబెట్టేది.

ప్రభుత్వం నియోజకవర్గానికి పది చొప్పున ఇచ్చే మోటారు మూడు చక్రాల బండ్లు, కేంద్ర ప్రభుత్వ అలింకో సంస్థ ఇచ్చే మోటారు ట్రైసైకిళ్ళు ఆ మిత్రుడికి పనికిరావు. అవి చేతుల్లో పట్టు ఉన్నవాళ్ళకే. కాబట్టి ఆ దారి ఎవరూ చూపించనక్కర్లేదు.

ఫిజియో | 7 జనవరి, మధ్యాహ్నం 3:25

వెన్నుపూస దెబ్బతిన్నవారితో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. బండి సంగతి నాకు తెలియదు కానీ, ఆ శరీరం సంగతి కొంత తెలుసు.

మెడ దగ్గర దెబ్బ తగిలినవారికి కింది భాగంలో చెమట పట్టదు, వేడిని ఒళ్ళు తట్టుకోలేదు. గుంటూరు ఎండల్లో ఏసీ లేని బండిలో గంటసేపు కూర్చుంటే జ్వరం వచ్చినట్టు ఒళ్ళు కాలిపోతుంది. డబ్బు మిగులుతుందని ఏసీ లేని రకం కొనకండి. రెండోది, వెనక ఇరుసు మీద కూర్చుంటే ప్రతి గుంతా నేరుగా తగులుతుంది. దానితో కాళ్ళు బిగుసుకుని ఎగిరిపడతాయి. మూడోది, వీల్‌చైర్‌లోనే కూర్చుని ప్రయాణించాలంటే కుర్చీని నాలుగు మూలలా బండి నేలకు బెల్టులతో కట్టాలి, మనిషికి విడిగా ఇంకో బెల్టు ఉండాలి. మన దగ్గర అందరూ వాడే మడత కుర్చీలు బండి గుద్దుకున్నప్పుడు ఆ బరువుకు ఆగేలా తయారైనవి కావు. చక్రానికి తాడు కట్టి బయలుదేరే ర్యాంప్ బండ్లను చూశాను, చూసిన ప్రతిసారీ కళ్ళు మూసుకోవాలనిపించింది.

మనిషిని ఎత్తి కారు సీటులోకి మార్చడం అవమానంగా ఉంటుందన్నది నిజమే. ఈడ్చినప్పుడు పిరుదుల చర్మం ఒరుసుకుని పుండు పడే ప్రమాదమూ ఉంది. అయితే నున్నటి చెక్క పలక ఒకటి వీల్‌చైర్‌కూ సీటుకూ మధ్య వంతెనలా వేసి, దాని మీదుగా జరిపే పద్ధతి ఉంది. రెండు సీట్ల ఎత్తులు దగ్గర దగ్గరగా ఉంటే, ఒక్క మనిషి సాయంతో పని జరుగుతుంది. వ్యాగనార్ లాంటి ఎత్తు సీటు కార్లలో ఇది కుదిరే అవకాశం ఎక్కువ. సీటు బయటికి తిరిగే పరికరం కూడా ఇప్పుడు దొరుకుతోంది. దాన్ని బిగిస్తే కాళ్ళు లోపలికి పెట్టే పని తేలికవుతుంది.

పిసినారి | 7 జనవరి, రాత్రి 9:30

అందరూ తిట్టుకున్నా అడుగుతాను. అతను నెలకు ఎన్నిసార్లు బయటికి వెళ్తాడు? రెండుసార్లయితే, ఒక్కోసారి రెండు వేలు బాడుగ అనుకున్నా ఏడాదికి 48,000. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, పెట్రోలు, కొన్న ధరలో ఏటా తగ్గే విలువ కలుపుకుంటే సొంత బండి అంతకన్నా ఎక్కువే అవుతుంది. మీరు పోగేసిన డబ్బు బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో బాడుగ కార్లు మాట్లాడితే పింఛనుకూ భయం లేదు.

కాలువగట్టు | 15 జనవరి, రాత్రి 10:45

పండగ హడావుడిలో ఆలస్యమైంది, మన్నించాలి. భోగి నాడు మేమంతా మిత్రుడి ఇంటికి వెళ్ళాము. మూడు చక్రాలు గారు అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులు గుచ్చింది కాబట్టి, దాచిపెట్టి ఆశ్చర్యపరుద్దామన్న పాత పథకం వదిలేసి అన్నీ అతని ముందే పెట్టాను.

పిసినారి గారి లెక్క కూడా చెప్పాను. అతను నవ్వి, "పోయినేడు పదకొండుసార్లు బయటికి వెళ్ళాను రా, అందులో తొమ్మిది ఆస్పత్రికి. బండి లేక వెళ్ళనివి నువ్వు లెక్కేయలేదు," అన్నాడు. బావమరిది పెళ్ళికి వెళ్ళలేదు. కూతురికి మండల స్థాయి చెస్‌లో బహుమతి వచ్చిన రోజు వెళ్ళలేదు. దూరపు చుట్టం చనిపోతే చూడటానికి వెళ్ళలేదు. తన కోసం రెండో మనిషి పని మానుకుని రావాలన్నది తలుచుకోగానే, ప్రయాణం అక్కడే ఆగిపోతుందని చెప్పాడు. బాడుగ ఎంతైనా అతనికి అంత భారం కాదట, ఎవరినో బతిమాలడమే భారమట.

అతను చెప్పిన షరతు ఒక్కటే: "తమ్ముడు ఒక్కడే నన్ను ఎక్కించగలిగితే కొనండి. ఇద్దరు కావాలంటే అది ర్యాంప్ బండైనా, రథమైనా నాకు వద్దు."

తర్వాత కొలతలు. వీల్‌చైర్‌లో దిండు మీద కూర్చుంటే నేల నుంచి నడినెత్తికి 54 అంగుళాలు వచ్చింది. పాల కేంద్రం నడిపే ఆయన ఈకో అరువు ఇచ్చాడు. తలుపు పలకలు రెండు వాలుగా వేసి, ముగ్గురం పట్టుకుని మెల్లగా వెనక నుంచి ఎక్కించబోయాము. కుర్చీ ముందు చక్రాలు లోపలికి చేరాయి, అతని నుదురు తలుపు పై అంచుకు ఆనింది. బెత్తెడు తక్కువైంది. ముందుకు వంచితే ఛాతీ నిలవక ఒళ్ళోకి జారిపోతున్నాడు. "గ్యారేజీ ఆయన ముందే చెప్పాడుగా, నా తల మీద నమ్మకం లేక కొలిచారా?" అని అతనే అన్నాడు. పలకలు తీసేశాము.

గ్యారేజీ | 15 జనవరి, రాత్రి 11:20

బెత్తెడు అంటే మూడు నాలుగు అంగుళాలు. ఎత్తు తక్కువ కుర్చీ చేయిస్తే ఆ తేడా పూడుతుంది అనేవాళ్ళు ఉంటారు. అంత పొడుగు మనిషికి కాళ్ళూ పొడవే. కుర్చీ దించితే పాదాలు పెట్టే పలకలు నేలకు రాసుకుంటాయి. ఫోర్స్ ట్రావెలర్ లాంటి బండిలో ఎత్తు సరిపోతుంది, ధర మీ పద్నాలుగు మంది చేతికి అందదు. ఫిజియో గారు చెప్పిన పలక దారి ఒకసారి చూడండి. ఇలా చెబితే నాకు రావలసిన ర్యాంప్ పని పోతుంది, అయినా చెబుతున్నాను.

కాలువగట్టు | 17 జనవరి, సాయంత్రం 6:15

నిన్న కనుమ. ఊళ్ళో బండ్లు కట్టరు కానీ మేము మాత్రం బండి తీశాము. మా చిన్నాన్న గారి వ్యాగనార్‌ను మిత్రుడి వాకిట్లో నిలిపి, వడ్రంగి దగ్గర రెండున్నర అడుగుల టేకు పలక ఒకటి నున్నగా చిత్రిక పట్టించి, అంచులు గుండ్రంగా చేయించి తెచ్చాము. వీల్‌చైర్ సీటుకూ కారు ముందు సీటుకూ ఎత్తులో తేడా అంగుళంన్నర మాత్రమే ఉంది.

ఫిజియో గారు వీడియో కాల్‌లో చెబుతుంటే తమ్ముడు ఒక్కడే చేశాడు. కుర్చీ పక్క చేతిని తీసేశాడు, పలక ఒక కొస అన్న తొడ కిందికి దోపాడు, రెండో కొస సీటు మీద ఆనించాడు, మోకాళ్ళతో మోకాళ్ళను అదిమిపట్టి, నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకుని మూడు దఫాలుగా జరిపాడు. మేము చేతులు కట్టుకుని నిలబడ్డాము, అదే కష్టమైన పని. తల వంచి లోపలికి చేర్చడం బాగానే జరిగింది. కాళ్ళ దగ్గరే చిక్కు వచ్చింది. మోకాలు తలుపు స్తంభానికి తట్టుకుంటే, సీటు పూర్తిగా వెనక్కి నెట్టి ఒక్కో కాలూ ఎత్తి పెట్టవలసి వచ్చింది. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. రెండోసారి ఏడు.

తర్వాత అందరినీ వాకిట్లో వదిలేసి అన్నదమ్ములిద్దరూ కాలువగట్టు రోడ్డు మీద లాకుల దాకా వెళ్ళి వచ్చారు. అరగంట పట్టాలి, గంటన్నరకు వచ్చారు. ఎక్కడికి వెళ్ళారని మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఫిజియో | 17 జనవరి, రాత్రి 8:00

చాలా సంతోషం. ఇంటికి వచ్చాక పిరుదుల మీద, తోక ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా అని అద్దంతోనో ఫోనుతోనో చూడమనండి. ఎరుపు అరగంటలో పోకపోతే నాకు చెప్పండి. తను రోజూ వాడే దిండునే కారు సీటు మీద వేస్తే ఎత్తు పెరిగి తల తగులుతుంది, కాబట్టి కారుకు విడిగా పలచటి జెల్ దిండు తీసుకోండి. గంట దాటిన ప్రయాణమైతే మధ్యలో బండి ఆపి, సీటు వెనక్కి వాల్చి రెండు నిమిషాలు బరువు తప్పించాలి.

సచివాలయం మెట్లు | 18 జనవరి, ఉదయం 9:40

బండి ఎవరి పేరు మీద? అది తేల్చకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

కాలువగట్టు | 18 జనవరి, మధ్యాహ్నం 12:30

తమ్ముడు పెళ్ళయ్యాక వేరే ఇంట్లో, వేరే రైస్ కార్డు మీద ఉన్నాడు. పొగాకు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు, అతనికి పింఛను ఏదీ రాదు. మూడున్నర లక్షల్లో వాడిన వ్యాగనార్ ఒకటి తన పేరు మీద కొంటానని అతనే ముందుకు వచ్చాడు. లక్ష తన దగ్గర ఉంది. మిగతా రెండున్నర లక్షలు మేము ఇస్తాము. ఉచితంగా ఇస్తామంటే అన్నదమ్ములిద్దరూ ఒప్పుకోలేదు. వడ్డీ లేని చేబదులుగా, నెలకు నాలుగు వేలు చొప్పున తీర్చేలా మాట్లాడుకున్నాము. తిరిగే సీటు ఖర్చు మాత్రం బ్యాచ్ తరఫున బహుమతిగా మిత్రుడు పుచ్చుకున్నాడు, అదీ కాసేపు పోట్లాడి.

పద్దుల పుస్తకం | 18 జనవరి, మధ్యాహ్నం 2:10

నిజంగా తిరిగి తీర్చే అప్పయితే అది బహుమతి కాదు, ఆదాయమూ కాదు. ఒక చిన్న ఒప్పంద పత్రం రాసుకోండి. 20,000 రూపాయలు, అంతకు మించిన చేబదులు నగదుగా పుచ్చుకోకూడదు. బ్యాంకు ద్వారానే పంపాలి, కాదంటే పుచ్చుకున్నవాడికి ఆ మొత్తానికి సమానమైన జరిమానా పడే వీలుంది. పద్నాలుగు మంది విడివిడిగా పంపినా, ఎవరు ఎంత ఇచ్చారో ఒక పట్టికలో పెట్టుకోండి.

మూడు చక్రాలు | 18 జనవరి, రాత్రి 7:45

నాకు మనసొప్పని మాట ఒకటి చెప్పనివ్వండి. ఈ ఏర్పాటు తెలివైనదే, చట్టబద్ధమైనదే. కానీ దివ్యాంగుడి పేరు మీద ఆర్సీ ఉంటే వచ్చే పన్ను మినహాయింపు, ఇన్సూరెన్సు తగ్గింపు అన్నీ వదులుకుంటున్నాము. కదలలేని మనిషికి కదిలే బండి తన పేరు మీద ఉంటే తిండి పింఛను పోతుందనే నియమమే తప్పు. రేపు తమ్ముడికి గుంటూరు బదిలీ అయితే ఆ బండి ఎవరిది? ఆ మిత్రుడు తాళం అడగాలి. అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సచివాలయం మెట్లు | 18 జనవరి, రాత్రి 8:30

మీ మాట కాదనను. వీల్‌చైర్ వాడేవారి కోసం మార్చిన బండిని ఆ లెక్కలోంచి తీసేయాలని ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో తీసుకుంటారు. అర్జీ పెట్టండి, అది తేలేదాకా బండి లేకుండా కూర్చోవద్దు.

కాలువగట్టు | 19 జనవరి, ఉదయం 8:00

మూడు చక్రాలు గారి ప్రశ్న ఇద్దరి ముందూ పెట్టాను. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత రెండో తాళం గుత్తికి ఒక వెడల్పాటి రబ్బరు పట్టీ కట్టించాలని, వేళ్ళకు పట్టు లేకపోయినా మణికట్టుకు తగిలించుకునేలా ఉండాలని చెప్పాడు. ఒప్పంద పత్రంలో ఆ రెండో తాళం అన్న దగ్గరే ఉంటుందని ఒక వాక్యం కలుపుతున్నాము. అర్జీ నేనే రాస్తాను, దానికి సాయం కావాలి.

గ్యారేజీ గారూ, చూసిన బండి 2017 నాటిది. తిరిగే సీటు అమ్మేవాళ్ళు కొత్త వ్యాగనార్‌కు మాత్రమే తయారైనది తమ దగ్గర ఉందని చెబుతున్నారు. పాతదానికి పడుతుందా?

గ్యారేజీ | 19 జనవరి, ఉదయం 8:40

2019లో మోడల్ మారింది, కింద నేల పూర్తిగా వేరు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? అయితే 2019 తర్వాతిదే చూడండి, యాభై అరవై వేలు ఎక్కువైనా సరే. వెల్డింగుతో సర్దుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ సీటు మీద బెల్టు పెట్టుకుని కూర్చునేది తనను తాను పట్టుకోలేని మనిషి. బండి దొరికాక ఎడమ ముందు సీటు కింది నాలుగు బోల్టుల మధ్య దూరం కొలిచి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఆదివారం బండి తీసుకుని ఆటోనగర్‌కు రండి, ఆయన్ని కూడా తీసుకురండి. ఆయన కూర్చోకుండా నేను బిగించను.